దొంగల తాత

మా ఆఫీసులో అక్కయ్య అంటే ఒక్కరే. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అక్కయ్యా అనే పిలుస్తారు. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నదానిలా మొహం పెట్టుకుని తిరిగే ఆ మనిషి కుర్చీలో కూర్చుని కంప్యూటర్ తెరిచిందంటే ముసలి దొంగ. మామూలు జనం తొంగిచూడని ఒక ఇంటర్నెట్ మూలలో దొంగలు చేరే చర్చావేదిక ఉంది. కాజేసిన పాస్‌వర్డులు అమ్ముకునేదీ, ఎవరి కంప్యూటర్లకి తాళం వేసి డబ్బు కోసం పీడించాలో మాట్లాడుకునేదీ అక్కడే. అందులో 'తాత' అనే పేరుతో అక్కయ్య ఏళ్ళ తరబడి కాపురం ఉంటోంది. దాడి జరగకముందే ఆవిడ కబురు పట్టుకొస్తుంది. దాన్ని హెచ్చరికగా రాసి ఆసుపత్రులకీ బ్యాంకులకీ పంపేది నేను.

తాత మహా కోపిష్టి. ఒకప్పుడు పేరుమోసిన దొంగ, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, కుర్రకారంటే ఒళ్ళుమంట. ఇదంతా అక్కయ్య అల్లిన కథే. దొంగల మధ్య పంపకాల దగ్గర పేచీ వస్తే తాత తీర్పు చెప్పాల్సిందే. తాత నాలుగు చీవాట్లు పెడితే వాళ్ళు మురిసిపోతారు, పెట్టకపోతే బెంగపెట్టుకుంటారు. ఇంట్లో మాత్రం ఆవిడ మాటని పట్టించుకునే నాథుడు లేడు. మొగుడు టీవీ చూస్తూ ఊకొడతాడు, కూతురు చెవుల్లో ఇయర్‌ఫోన్లు తియ్యదు. "నా మాటకి విలువిచ్చేది దొంగవెధవలేనే" అని నాతో అనేది. నవ్వుతూనే అనేదిగానీ, ఆ నవ్వు నాకెప్పుడూ నచ్చలేదు.

అలాంటి మనిషి పక్క బల్ల మీదకి డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. ఆ పిల్ల అక్కయ్యకి స్వయానా తోడికోడలు. కృత్రిమ మేధలో పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది కాబట్టి ఆ పేరు పెట్టాం. ఒకే ఇంట్లో కింది వాటాలో అక్కయ్య, పై వాటాలో ఆ పిల్ల. ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పి, వెంటబెట్టుకుని తీసుకొచ్చింది కూడా అక్కయ్యే. రాకముందు ఎంత మంచిదో చెప్పి మా చెవులకి చిల్లులు పొడిచింది. వచ్చాక ఆ ఊసెత్తితే ఒట్టు.

ఎందుకంటే డాక్టరమ్మ ఒక యంత్రాన్ని తయారుచేసింది. దొంగలు చొక్కాలు మార్చినట్టు పేర్లు మారుస్తారు. కొత్త పేరు వెనక ఉన్న పాత దొంగ ఎవడో, వాడు బేరమాడే తీరునిబట్టీ అలిగే తీరునిబట్టీ పోల్చుకోవడమే అక్కయ్య విద్య. ఆవిడ ఇన్నేళ్ళూ పోల్చుకున్నవన్నీ ఆ యంత్రానికి మేపారు. అది కొన్ని వారాల్లోనే ఆ విద్య ఒంటబట్టించుకుంది. డాక్టరమ్మ దాన్ని ముద్దుగా చంటిది అంటుంది. "మన చంటిది ఇవాళ ఇద్దర్ని పట్టేసింది అక్కా!" అని పొద్దున్నే చంకలు గుద్దుకుంటుంది. అక్కయ్య వినబడనట్టు మొహం తిప్పుకుంటుంది.

ఇంట్లో ఇంకా ఘోరం. అత్తగారు మెట్ల దగ్గర నిలబడి దారినపోయేవాళ్ళని ఆపిమరీ చెబుతోందట, మా చిన్నకోడలు దొంగల్ని పట్టే యంత్రం కనిపెట్టింది అని. మరి పెద్దకోడలో అని ఒకావిడ అడిగితే "అదీ అక్కడే, ఏదో టైపు చేస్తుంది" అందట. ఈ మాట నాకు చెప్పేటప్పుడు అక్కయ్య కళ్ళు ఎర్రగా అయ్యాయి.

"ఏదో టైపు చేస్తానట! దాని చంటిదానికి ఉగ్గుపోసింది ఎవరే? నేను కాదూ?"

"పోనీ ఆ ముక్క అత్తగారికి చెప్పొచ్చుగా" అన్నాను.

"చెబితే కుళ్ళనుకుంటారు."

"కుళ్ళేగా మరి?"

"కుళ్ళే. అయితే ఏం?" అని విసురుగా లేచిపోయింది.

అంతలో డైరెక్టరుగారు బాంబు పేల్చారు. దొంగల గుంపులో మనిషిని ఉంచడం ఎప్పటికైనా ప్రమాదమే, చంటిది బయటినుంచి చదివితే సరిపోయేట్టుంది, తాత ఉండాలో వద్దో వచ్చే సమావేశంలో తేల్చేద్దాం అన్నారు. తాత పోతే అక్కయ్యకి ఇంకేదో పని ఇస్తారు, ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ మాటకి విలువిచ్చే ఆ ఒక్క చోటూ పోతుంది. ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వేషం వాళ్ళు వేసుకోవాలి, ఇంకో దొంగ గొంతు అరువు తెచ్చుకోకూడదు. కొత్తవాళ్ళకి ఈ పాఠం చెప్పేది అక్కయ్యే. అక్కయ్యే దాన్ని మీరింది. చక్కెర అని ఒక దొంగ ఉండేవాడు. తియ్యగా మాట్లాడుతూనే ఆసుపత్రుల కంప్యూటర్లకి తాళాలు వేసేవాడు. కొంతకాలంగా వాడు మాటామంతీ లేకుండా మాయమయ్యాడు. అక్కయ్య ఎవరికీ చెప్పకుండా కొత్త పేరుతో ఆ వేదికలో చేరి, అచ్చం వాడిలా తియ్యతియ్యగా, నేను తిరిగొచ్చానర్రా అని రాసింది. చంటిది దాన్ని చక్కెర అని పొరబడుతుంది, సమావేశంలో అందరిముందూ దాని పరువు తీద్దాం అనుకుంది. అసూయ పట్టిన మనిషి బుర్ర ఇలాగే పనిచేస్తుంది కాబోలు.

సమావేశం రోజున డాక్టరమ్మ ఆ రాత తెరమీద పెట్టింది. "ఇది చక్కెర రాసినట్టే ఉంది కదా? చంటిది కాదంటోంది. చూడండి ఎవరంటోందో" అని హుషారుగా మీట నొక్కింది.

తెరమీద 'తాత' అని పడింది.

తాత ఎవరో మా అందరికీ తెలుసు. అక్కయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరమ్మ ఒకసారి తెరవైపు, ఒకసారి తోడికోడలి వైపు చూసింది. చూసి చటుక్కున తెర ఆపేసి, "అయ్యో, ఇది తప్పు చెప్పిందండీ. ఇంకా చంటిదే కదా, చాలా నేర్చుకోవాలి. తాతని ఇప్పుడే తీసెయ్యకండి" అంది.

అక్కయ్య నోరు మూసుకుంటే చాలు, గెలిచినట్టే. తాత ఉంటాడు, చంటిది వెనక్కి పోతుంది. కానీ అలాంటి యంత్రాలు దొంగల దగ్గరకీ చేరుతున్నాయని పోయిన నెలే మేము హెచ్చరిక రాశాం. ఈ రాతని వాళ్ళూ పోల్చి చూస్తే తాత మోసగాడని తేలిపోతుంది, ఇన్నేళ్ళ తాత మాటలన్నీ తవ్వుకుంటూ మాదాకా వస్తారు. అది ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు.

"తప్పు చెప్పలేదు" అంది అక్కయ్య, బల్లకేసి చూస్తూ. "రాసింది నేనే. ఒళ్ళు మండి రాశాను. తాతని తీసెయ్యండి."

బయటికొచ్చాక వరండాలో డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. "నేను కప్పిపుచ్చుతున్నానుగా అక్కా, ఎందుకు చెప్పారు?"

"నువ్వు జాలిపడితే నాకు ఇంకా మండుతుందే, వదులు" అని అక్కయ్య చెయ్యి లాక్కుంది.

తాత ఉన్నట్టుండి మాయమైతే అనుమానం వస్తుంది. అందుకని ఒంట్లో బాగాలేదనీ, ఆపరేషన్ చేయించుకోవాలనీ, ఇక సెలవనీ అక్కయ్యే రాసింది. ఆ కబురు పెట్టిందో లేదో, దొంగలంతా ఒకటే గోల. నువ్వు తిట్టకపోతే మాకు తోచదు తాతా అని ఒకడు. నా గొడవ నువ్వే తీర్చావు, మా నాన్న కూడా నాకోసం అంత చెయ్యలేదు అని ఇంకొకడు. కొత్త పేరుతో ఎవడో తాతకి విడిగా రాశాడు. "ఏ ఆసుపత్రో చెప్పు తాతా. త్వరలో ఒకదానికి తాళం వేస్తున్నాం. నువ్వున్నది వదిలేస్తాం."

"ఎవడే వీడు?" అంది అక్కయ్య. వారం రోజుల తర్వాత తోడికోడలితో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే. డాక్టరమ్మ చంటిదాన్ని అడిగింది. చక్కెర అని వచ్చింది.

"నేనూ అదే అనుకున్నా" అని అక్కయ్య గొణిగింది. తర్వాత తాత గొంతుతో, మా అమ్మాయి ఎక్కడికి తీసుకెళుతుందో నాకేం తెలుసురా వెధవా, ముందు నువ్వు దేనికి వేస్తున్నావో చెప్పి ఏడువు, అక్కడికి వద్దంటాను అని రాసింది. వాడు బుద్ధిగా చెప్పాడు. నేను అప్పటికప్పుడు ఆ ఆసుపత్రికి ఫోన్ చేశాను. వాళ్ళు మా మాట విని రెండు రోజుల్లో కంప్యూటర్లన్నీ భద్రం చేసుకున్నారు. తాళం పడలేదు.

డైరెక్టరుగారు ఇద్దర్నీ మెచ్చుకుని మిఠాయి తెప్పించారు. అక్కయ్య తన వాటా ముట్టుకోలేదు. తాత పేరు మీద అప్పటికీ వస్తున్న పరామర్శలు చదువుతూ కూర్చుంది. డాక్టరమ్మ వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసింది. ఈసారి ఆవిడ విదిలించుకోలేదు.

"ఇంకా నామీద కోపమేనా అక్కా?"

"నీమీద లేదే." అక్కయ్య తెరమీద వేలు పెట్టి చూపించింది. "ఈ తాతమీద. లేని మనిషికి ఇంతమంది ఏడుస్తున్నారు. నేను మొన్న మూడు రోజులు జ్వరంతో పడుకుంటే ఇంట్లో ఒక్కరైనా ఎలా ఉందని అడిగారా?"

డాక్టరమ్మ ఉండేది ఆ ఇంటి పై వాటాలోనే, ఆ మూడు రోజులూ తనూ కిందికి తొంగిచూడలేదు. ఆ పిల్ల చెయ్యి అక్కయ్య భుజం మీదే ఉండిపోయింది.