ముసురు కోసం దాచిన ఎండ

గంగారం అడవి పల్లెల్లో జమునంత మొండి మనిషి ఇంకొకరు లేరు. ఆ మొండితనమే లేకపోతే చెప్పడానికి ఈ కథా లేదు.

ఐటీఐ చదివిన జమున, తమ తండా పక్కన దవాఖాన కోసం కట్టిన చిన్న హైడ్రోజన్ ప్లాంటులో ఆపరేటర్. ఎండాకాలం మధ్యాహ్నాలు సోలార్ కరెంటు పొంగిపొర్లుతుంది, గ్రిడ్‌లో తీసుకునేవాళ్ళుండరు. ఆ మిగులుతో నీళ్ళలోంచి హైడ్రోజన్ తీసి ట్యాంకుల్లో దాచి, అక్కరపడ్డప్పుడు మళ్ళీ కరెంటు చేస్తారు. చిక్కల్లా ఒకటే: మూడు యూనిట్లు పోస్తే తిరిగొచ్చేది ఒక్కటే.

"ఇంత నష్టానికి ఎవరు నడుపుతరమ్మా? బ్యాటరీలు చాలు. ప్లాంటు ఎత్తేయమన్నరు," అన్నాడు భూపాలపల్లి నుంచి వచ్చిన ఇంజనీరు యుగేందర్.

"బ్యాటరీ ఒక్క రాత్రికి సార్. ముసురు పడితే ఎట్ల? ఈ వానకాలం దాక ఆగుండ్రి," అంది జమున. పైవాళ్ళకు ఏదో సర్దిచెప్పి ఆయన ఆగాడు.

శ్రావణంలో తీజ్ వచ్చింది. పెళ్ళికాని పిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి ఆడిపాడే పండుగ. నిండు ట్యాంకులు చూసి తండాకు ఆశ పుట్టింది.

"డీజేకు జర కరెంటియ్యి," అంది నిండు చూలాలైన వదిన సక్రి. జమున ఇవ్వనంది. "నీ నాయిన సొమ్మేమన్న పోతదా? పిసినారిదానా!" ఆ నాయిన తన మామేనని కోపంలో మరిచింది సక్రి. ఆ రోజు నుంచి మాటలు బంద్. జమున చాటుగా ఏడ్చింది గానీ వాల్వు తిప్పలేదు.

పండుగ వెళ్ళిన వారానికే ముసురు పట్టింది. చెట్లు కూలి లైన్లు తెగాయి, వాగులు పొంగి దారులు మూసుకున్నాయి. మరునాటికి బ్యాటరీలు చేతులెత్తేశాయి. అప్పుడు తిప్పింది జమున వాల్వు! ముసురు విడిచేదాకా ఆ చుట్టుపక్కల దవాఖాన ఒక్కటే వెలిగింది. ఆ వెలుగులోనే సక్రికి కాన్పయింది. ఆడపిల్ల.

వాగు తగ్గగానే యుగేందర్ వచ్చాడు. జమున తల్లి లచ్చి టమాట ఒరుగుల పులుసు పోసింది. ధర లేక ఎండాకాలంలో పారబోసే టమాటలను కోసి ఎండబెట్టి దాచినవి.

"ఎన్ని కిలోలు ఎండబెడితే ఇన్నయినయవ్వా?" అన్నాడాయన లొట్టలేస్తూ.

"ఎన్ని కిలోలని అడుగుతవేంది సారు? ఇయ్యాల ఊర్ల ఇంకో కూరగాయ ఉన్నదా సూడు."

యుగేందర్ నోటిదాకా తెచ్చిన ముద్ద ఆపి, పెద్దగా నవ్వాడు. "గిదే రాస్త పైకి. ప్లాంటు ఎక్కడికీ పోదు జమునా."

సక్రి వచ్చి బిడ్డను జమున ఒడిలో పెట్టింది.

"పట్టుకో. ఇది గూడ నీ తీరు పిసినారి కావాలె."