పప్పు సంచి మీద రాజుగారు

మా అత్తగారింట్లో కొట్టుకూ ఇంటికీ మధ్య ఒక గోనెపట్టా పరదా ఉండేది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే బొంబాయి రోడ్డు మీద, బస్సులు ఆగే చోట, ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. పరదాకు అటువైపు మగవాళ్ళు, గిరాకీ, లోకం. ఇటువైపు అత్త, నేను, పొయ్యి. కోడలు పరదా దాటకూడదు. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఉప్పు కోసం అటు చెయ్యి చాపితే, అత్త ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి తెచ్చింది. అంతే, తెలిసిపోయింది.

మెట్రిక్ పరీక్ష రాయకముందే నాకు పెళ్ళి చేశారు. తర్వాత రాయిస్తామని పెళ్ళిమాటల్లో ఒప్పుకున్నారు. పందిరి విప్పిన రోజే ఆ మాటా విప్పేశారు. మా వారు మంచివారే గానీ, తండ్రి ముందు నోట్లో నాలుక లేని మనిషి. నేనైతే మామతో నేరుగా మాట్లాడకూడదు. ఏం కావాలన్నా అత్తకు చెప్పాలి, అత్త ఆయన చెవిన వెయ్యాలి. నా మెట్రిక్ అట్లా అత్త నోట్లోనే కొన్నేళ్ళు నానింది.

మధ్యాహ్నం వంటిల్లు సర్దాక నా పని కాగితపు సంచులు అంటించడం. పప్పుకు, చింతపండుకు, బెల్లానికి ఆ సంచులే. హైదరాబాదు నుంచి రద్దీ కాగితాల మూటలు, అంటే చదివి పారేసిన పాత పత్రికలు, వచ్చేవి. మైదాపిండి ఉడకబెట్టి లై కాచుకుని, పరదా పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, అన్ని పత్రికలూ నా ఒళ్ళోకి వచ్చేవి. అటుపక్క ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. మిషన్లు బిగించడానికి వచ్చిన తెల్లవాళ్ళు చదివి పారేసిన నున్నటి పత్రికలు కూడా మూటల్లో తగిలేవి. వాటిది ఏ దేశపు భాషో నాకిప్పటికీ తెలియదు.

సంచులకు మామ పెట్టిన కట్టుబాట్లు రెండు. దేవుడి బొమ్మ ఉంటే చించి పక్కన పెట్టాలి, దాంట్లో ఏదీ కట్టకూడదు. ఆడమనిషి ఫోటో ఉంటే లోపలికి మడవాలి. మిగతాది నా ఇష్టం. ఆ ఇంట్లో నా ఇష్టానికి వదిలింది అదొక్కటే. నేను దాన్ని చేజారనివ్వలేదు. కార్టూన్ కనబడిందంటే చాలు, అది సరిగ్గా సంచి ముందుభాగంలో వచ్చేలా మడిచేదాన్ని. సంచి అటు వెళ్ళేది. నేను లై చేత్తో చెవి పరదాకు ఆనించి కూర్చునేదాన్ని, ఎవరైనా నవ్వుతారేమోనని.

నవ్వేవాళ్ళు. కానీ నేను నవ్వినదానికి కాదు. కుర్చీ వదలని లావుపాటి మనిషి బొమ్మ చూసి ఫ్యాక్టరీ గుమాస్తాలు పగలబడి నవ్వితే, పల్లెల నుంచి వచ్చిన రైతులు "కుర్సీకి ఏమైంది, ఇరిగిందా?" అని అడిగేవాళ్ళు. తెల్లవాళ్ళ పత్రికలో కుక్క ఒకటి పోస్టుమాన్ లాగు పట్టుకుని లాగుతుంది. ఆ బొమ్మకు మా కొట్టులో ఒక్కరూ నవ్వలేదు. "కుక్క కరిస్తె బొడ్డు సుట్టూ సూదులు ఏస్తరు. ఇందుల నవ్వుడేంది?" అన్నాడొక పెద్దమనిషి. ఆలస్యంగా ఇంటికొచ్చిన మొగుడు, తలుపు చాటున అప్పడాల కర్రతో పెళ్ళాం, ఈ బొమ్మ మాత్రం ఏ భాషలో ఉన్నా అందరూ నవ్వేశారు. నవ్వనిది మా అత్త ఒక్కతే. "మొగన్ని కొట్టెటోళ్ళు ఏ దేశంల ఉన్నరే పిల్లా?" అని అడిగింది. వేళాకోళం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

తెల్లవాళ్ళ పత్రికల్లో ఒక బొమ్మ మళ్ళీ మళ్ళీ వచ్చేది. నడిసముద్రంలో చాటంత నేల. దాని మీద ఒకే ఒక్క చెట్టు. చెట్టు కింద చిరిగిన లాగుతో గడ్డం పెరిగిన మనిషి. గీసినవాళ్ళు మారేవాళ్ళు గానీ ఆ మనిషి అక్కడే ఉండేవాడు. ఇందులో నవ్వేదేముందో నాకు ఎంతకూ తెలిసేది కాదు. నాకు ఏడుపొచ్చేది.

మిరపకాయలు తొడిమలు తీయడానికి వచ్చే కూలామెకు ఒకరోజు చూపించాను. ఆమె చెట్టునే చూసింది. "ఒక్క చెట్టుకు ఎంత కల్లు ఎల్లుతది సావుకారమ్మా? ఆనికే సాలది. అందుకే గట్ల మొఖం పెట్టిండు" అని తేల్చేసింది. మా వెనక గదిలో కిరాయికి ఉండే ఫ్యాక్టరీ ఫిట్టరు భార్యది కేరళ. ఆమె ఆ కాగితాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని, వచ్చీరాని హిందీలో తన ఊరు అచ్చం ఇట్లాగే ఉంటుందని చెప్పింది. చుట్టూ నీళ్ళు, కొబ్బరిచెట్టు. ఇంత హాయిగా ఇంటి దగ్గర కూర్చున్నవాడు ఎందుకు దిగులు పడుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు. ఆ కాగితం నన్ను అడిగి తీసుకుని గోడకు అంటించుకుంది.

మా అత్తకు చూపిస్తే చాలాసేపు చూసింది. "కడుపునిండ నీళ్ళున్నయ్. నీడ ఉన్నది. అన్నం పెట్టు, నీళ్ళు తే అనెటోడు లేడు. గీ మొగోనికి ఏం రోగమే?" అంది. మళ్ళీ తనే, "నన్నైన ఆడికి తోల్కపోతె బాగుండు" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అన్నేళ్ళలో అత్త తన గురించి చెప్పిన మాట అదొక్కటే. అప్పటిదాకా ఆమెను నా జైలుకు కాపలామనిషి అనుకున్నాను. ఆమె నాకంటే ముందొచ్చిన ఖైదీ అని ఆ రోజు తెలిసింది.

ఆ బొమ్మకు నవ్వేవాళ్ళెవరో కూడా నాకు అప్పుడే తట్టింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు బస్సెక్కి పోగలిగినవాళ్ళు. పోలేని మనిషి వాళ్ళకు వింత. అందుకే నవ్వు. నాకు వాళ్ళ మీద ఒళ్ళు మండింది.

బొమ్మల సంచుల పేరు మాత్రం రోడ్డు పొడుగునా పాకింది. ఫ్యాక్టరీ కాలనీల పిల్లలు "బొమ్మల దుకాణం"లోనే పప్పు కొనాలని తల్లుల కొంగులు లాగేవాళ్ళట. పటాన్‌చెరులో దిగాల్సినవాళ్ళు కూడా మా దగ్గర దిగి సామాను కట్టించుకునేవాళ్ళు. మామ గుణం కూడా కొంచెం మెత్తబడింది. ఒకనాడు భోజనం ముందు అత్తతో, నాకు వినబడేలా, "కోడలుపిల్లను ఈ యేడు పరీక్ష రాయమను. ఆళ్ళ అన్నకు ఖబురు చెయ్యి, దరఖాస్తు తెస్తడు" అన్నారు. నేను పరదా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సంచులు చేసి పరీక్ష సంపాదించుకున్నాను. ఆ సంతోషంలో పాత పుస్తకాలు తీసి, లై ఉడుకుతుంటే లెక్కలు చేసుకున్నాను.

ఎమర్జెన్సీ పెట్టిన ఏడు అది. కొట్టు ముందు నిలబడి నోరు పారేసుకునే వాళ్ళంతా గొంతు తగ్గించారు. పరదా వెనక మాకేం తెలుస్తుంది, మాది ఎప్పుడూ గొంతు తగ్గించిన ఇల్లే.

ఆ రోజుల్లోనే తెల్లవాళ్ళ పత్రికలో ఇంకో బొమ్మ దొరికింది. అదే సముద్రం, అదే చాటంత నేల. ఈసారి ఒక పొట్టి మనిషి. నెత్తి మీద చెవుల దాకా జారిన కిరీటం. చెక్కపెట్టె మీద నిలబడి, చెయ్యెత్తి, నోరంతా తెరిచి హుకుం చేస్తున్నాడు. ఎదురుగా వరసగా నిలబడి వింటున్నవి పీతలు. చూడగానే నాకు నవ్వు ఆగలేదు. ఆయన మా మామ! చాటంత కొట్టు, గల్లాపెట్టె పక్కన ఎత్తు గద్దె, అదే చెయ్యి, అదే నోరు. పీతలం మేమే. ఆ బొమ్మను సంచి నడిమధ్యకు వచ్చేలా, కిరీటం ఒక్క పిసరు కూడా మడతలో పోకుండా మడిచాను. ఆ సంచి మామ చేతుల మీదుగానే, కందిపప్పు నింపుకుని పోయింది. ఆయన కనీసం చూడలేదు.

అది మా ఊళ్ళోనే ఉండే ఒక పెద్ద సర్కారు అధికారి ఇంటికి చేరింది. రెండోరోజు పొద్దున కొట్టు ముందు జీపు ఆగింది. పప్పు ఒంపేసి, అతుకులు విప్పి, చదునుగా చేసిన ఆ కాగితాన్ని ఆయన గల్లా మీద పరిచారు. పరదా సందులోంచి నాకు కిరీటం కనబడింది.

"ఎవరిని అనుకొని ఏసిండ్రు గీ బొమ్మ? జనాలు పీతలా? కేసు పెట్టి, వాయిదా మీద వాయిదా ఏసి కోర్టు సుట్టూ తిప్పుత, తెలుసా?" అన్నారాయన.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయనకు ఆయనే కనిపించారో, ఆయన పైవాళ్ళు కనిపించారో నాకు తెలియదు. ఏ దేశంలోనో ఎవరో పొద్దుపోక గీసిన బొమ్మ. మా ఊళ్ళో మాత్రం రాజద్రోహమై కూర్చుంది. మామ గద్దె దిగి చేతులు కట్టుకున్నారు. ఆయన గద్దె దిగడం నేను వినడం అదే మొదలు.

"సార్, మా ఇంట్ల ఆడోళ్ళు అంటిస్తరు. ఆళ్ళకు సదువు రాదు. బొమ్మంటె బొమ్మ, గంతే సార్."

"పిలువు."

ఆ పిలుపుతో నేను పరదా దాటాను. కాపురానికి వచ్చాక మొదటిసారి కొట్టు ముందువైపు చూశాను. రోడ్డు, బస్సు, బస్సులోంచి తొంగిచూస్తున్న ముఖాలు. అంతలో ఎండ కళ్ళలో పడి ఏమీ కనబడలేదు. ఇన్నేళ్ళు కోరుకున్న చోటు అది.

"ఏం బొమ్మ ఇది?" అని అడిగారాయన.

నిజం చెబితే అందరం బయటపడేవాళ్ళం. ఇది మా మామగారి బొమ్మ సార్, ఇంకెవరిదీ కాదు, అంటే చాలు. ఆయన కూడా నవ్వేసి పోయేవారేమో. కానీ ఆ ఇంట్లో, ఆ మామ పక్కన నిలబడి, ఆ మాట ఏ నోటితో అనేది? అడకత్తెరలో పోకచెక్కలా తల వంచుకుని నిలబడ్డాను.

"సదువుకున్నవా?"

నా బదులు మామ చెప్పారు. "లేదు సార్, నిశాని."

ఆయన వెంట వచ్చిన మనిషి కాగితం రాశాడు. స్టాంపు ప్యాడ్ తెచ్చి నా బొటనవేలు దాని మీద అదిమాడు. నిశాని పెడుతూ నేను ఆ కాగితం తలకిందులుగా చదివేశాను. "నాకు చదవను, వ్రాయను రాదు. బొమ్మ యొక్క అర్థం నాకు తెలియదు." అక్షరం పోకుండా చదివి, దాని కిందే వేలు నొక్కాను. మా వారు గోధుమ బస్తాల పక్కన నిలబడి చూస్తూనే ఉన్నారు.

జీపు వెళ్ళాక అత్త నన్ను లోపలికి తీసుకుపోయి, గుడ్డకు గాసునూనె అద్ది వేలు తుడవడం మొదలుపెట్టింది. చాలాసేపు తుడిచింది. ఉన్నట్టుండి తల దగ్గరకు తెచ్చి, "పిల్లా, పెట్టె మీదోడు మీ మామనే గద?" అంది. నేను తలూపాను. అత్త నోట్లో కొంగు కుక్కుకుంది. ఇద్దరం చప్పుడు కాకుండా ఒకరి భుజం మీద ఒకరం వాలి నవ్వాం. ఆ బొమ్మ గీసినవాడు ఆశపడ్డ నవ్వు అదేనేమో. ఆ నవ్వే నాకు ఏడుపైంది. అత్త నా వేలు వదల్లేదు.

కొన్నాళ్ళకు మా అన్న దరఖాస్తు కాగితాలు తీసుకుని వచ్చాడు. ఫోటో మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలి. మా ఊళ్ళో ఆ సంతకం పెట్టగలిగింది జీపులో వచ్చిన ఆయనొక్కరే. ఊరు దాటి ఇంకెక్కడైనా పెట్టించుకొస్తానన్నాడు అన్న. మామ అరవలేదు. నెమ్మదిగానే అన్నారు.

"సదువు రాదని సర్కారు కాగితం మీద ఏలుముద్ర ఏసింది. రేపు మెట్రిక్ పాసైతె, పేపర్ల నెంబరు పడితె, అబద్ధం ఆడింది ఎవలు? ఆమెనా, నేనా? ఇద్దర్ని తోల్కపోతరు. నువ్వే చెప్పు."

మా అన్న చాయ్ తాగి, దరఖాస్తు సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. బస్సు పోయిన చప్పుడు పరదా వెనక నుంచి విన్నాను. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ సర్కారు కాగితం వచ్చినా దాని మీద నాది నిశానే.

సంచులు చేయడం మానలేదు, ఎవరూ మానమనలేదు. మామ మూడో కట్టుబాటు ఒకటి పెట్టారు, అంతే. ఏ బొమ్మైనా సరే లోపలికే మడవాలి. పప్పు కొనుక్కుపోయినవాళ్ళు ఇంట్లో డబ్బాలోకి ఒంపుకుని, సంచిని చింపి చూస్తే తప్ప కనబడదు. నేను మంచి బొమ్మలనే ఏరి, జాగ్రత్తగా లోపలికి మడిచేదాన్ని. ఏ ఇంట్లోనో ఎవరో చింపి చూసి నవ్వే ఉంటారు. అంత దూరం నాకు వినబడేది కాదు.