బందరు రేవు బస్సులో

ఆయన పేరు నేను అడగలేదు, అడగబుద్ధి కాలేదు. బందరు రేవుకు పోయే బస్సులో మా ముందు సీట్లో కూర్చున్నాడు. చేపల వేటకు పోయే మనిషి. పాత రేవు ఎక్కడుండేదని నా భార్య అడిగితే, డచ్చివాళ్ల ఓడలు ఆగిన వైపు కిటికీలోంచి చూపించాడు. అంతటితో ఆగితే బాగుండేది.

"సముద్రంల భయమైతదా అన్నా?" అని అడిగింది ఆమె.

ఆయన తుఫానులో పడవ తిరగబడిన సంగతి చెప్పాడు. ఖాళీ పీపా పట్టుకుని తెల్లారేదాకా తేలాడట. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, మల్ల సముద్రంలకు ఎట్ల పోయిన్రు?"

నాకు కడుపు మండింది. బెల్లంపల్లిలో ముప్పై ఏళ్లు బొగ్గుబాయి దిగినవాణ్ణి. పైకప్పు కూలి నా పక్కనున్న మనిషి చనిపోయిన రోజు కూడా, ఇంటికి రాగానే ఆమె అడిగింది ఒక్కటే, "నీళ్లు తోడాల్నా?" అని. ఇప్పుడు ఆయన మీసం చూసినా నాకు కోపమే వస్తోంది.

రేవు దగ్గరపడుతుండగా ఆయన నా వైపు చూశాడు.

"మీ ఆయనేం చేసేవారమ్మా?"

"బొగ్గుబాయిల పని చేసిండు."

"లోపల భయమేసేదంటా?"

ఆమె నా వైపు ఒకసారి చూసి, ఆయన వైపు తిరిగింది.

"నేను ఎన్నడు అడగలే అన్నా. భయమైతదని చెప్పిండనుకో, తెల్లారి మల్ల సద్ది కట్టి ఎట్ల తోలియ్యాలె?"