మధ్యాహ్నం బండికి రాహుకాలం

మందుల కంపెనీకి గోదాములు ఎక్కడ పెట్టాలో లెక్కగట్టడం నా ఉద్యోగం. ఏ ఊరి దుకాణానికి ఎంతసేపట్లో సరుకు చేరాలి, అందుకు ఏ దారిన బండి వెళ్లాలి అన్నదే రోజూ నా ఆలోచన. శంషాబాద్‌లో, విమానాశ్రయం గోడకు దగ్గరలో ఒక్క పెద్ద గోదాము ఉంటే శ్రీశైలం రోడ్డు మీది దుకాణాలన్నిటికీ చాలునని చెప్పింది నేనే. ఉదయం ఆర్డరిస్తే సాయంత్రానికి మందు అందుతుందని మాటిచ్చాం. కంపెనీ దాన్ని ప్రచారమనుకుంది. నేను మాటే అనుకున్నాను.

ఆ మాట బుధ, గురువారాల్లో తప్పుతూ వచ్చింది. తుక్కుగూడ దగ్గర ట్రాఫిక్ చూశాను, వానలు చూశాను, ఏ ఊళ్లో ఏ రోజు అంగడో కనుక్కున్నాను. దారిలో ఏ తప్పూ దొరకలేదు. చివరికి ఒక బుధవారం గోదాముకే వెళ్లాను. సరుకెక్కించి, తలుపులు బిగించిన బండి గేటు లోపలే నిలబడి ఉంది. డ్రైవరు శంషాబాద్ ముస్లిం, నాకు బాగా తెలిసినవాడు. సీట్లో వెనక్కి వాలి ఫోను చూసుకుంటున్నాడు. ఎందుకాగావని అడిగాను.

"రాహుకాలమంట అన్నా. సూపర్‌వైజర్ పోనిస్తలేడు."

"నీకూ రాహుకాలమేనా?"

"నాకేడిది అన్నా. బండికుందంట."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత సంగతి చెప్పాడు. గోదాము తెరిచిన కొత్తలో ఒక బుధవారం మధ్యాహ్నం బయల్దేరిన బండి మలుపులో బోల్తాపడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పటినుంచి ఇదే పద్ధతి. బుధ, గురువారాల్లో రాహుకాలం మధ్యాహ్నం బండి వేళకు అడ్డొస్తుంది, మిగతా రోజుల్లో రాదు. అది దాటాక బయల్దేరిన బండి దుకాణాలు మూసేలోగా చేరదు. పంచాంగం లేని ఇంట్లో పెరిగిన నాకు అది తట్టలేదు. ఆలస్యాల పట్టిక ఆఫీసులో అందరూ చూశారు, చూడగానే అందరికీ అర్థమై ఉంటుంది. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

చిన్నప్పుడు మా ఊరి గ్రంథాలయంలో ఆదివారాలు చర్చలు జరిగేవి. దేవుడున్నాడా, జాతకం నిజమా, గ్రహణం పూట అన్నం తింటే ఏమవుతుంది అని గొంతులు చించుకునేవాళ్లం. నన్ను నాస్తికుడా అని తిట్టిన పెద్దాయనే తన సైకిల్ మీద ఇంటి దగ్గర దింపేవాడు. వాదించేవాడికి ఎదుటివాడు కూడా తోడేనని అప్పట్లో నాకు తెలియదు.

మేనేజరు గోదావరి జిల్లా నుంచి వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడినాయన, ఎంతో మర్యాదస్తుడు. ఆయన గదిలో చాలాసేపు వాదించాను. వారంలో ఏ రోజూ బండి ఆగకూడదన్నాను. మన గోడ పక్కనే, సరిగ్గా అదే వేళకు, వందలమందిని ఎక్కించుకుని విమానాలు లేస్తున్నాయి కదా అన్నాను.

"విమానం మనది కాదు కదండీ," అన్నాడాయన మెల్లగా.

కోప్పడలేదు, కాదనలేదు. దుకాణదారుల్లో ఒక్కరు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా తానే పద్ధతి మార్పిస్తానన్నాడు. అప్పటిదాకా ఆ రెండు రోజులకూ "మర్నాడు ఉదయం" అని మార్చి రాయమన్నాడు. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. పగపట్టి కాదు. ఈయన మళ్లీ మొదలుపెడతాడని భయం, అంతే.

నాకు కావలసింది ఒక్క ఫిర్యాదు. ఆమనగల్లులో మందుల దుకాణం నడిపే ఆయనకు ఫోన్ చేశాను. పోయిన వారమే ఆయన నన్ను నిలదీశాడు. "ఏంది సార్, బేస్తవారమొస్తె మా ఊరికి రోడ్డుండదా?" అన్నాడు. ఆ కోపం మీదే నాకు ఆశ. ఈసారి దాపరికం లేకుండా బండి ఎందుకాగుతుందో చెప్పాను. కంపెనీకి నాలుగు ముక్కలు రాసి పంపమని బతిమాలాను.



"గట్లనా సార్. ముందుగాల చెప్తే నేను పరేషాన్ అయ్యేటోన్నే కాదు."

"అంటే?"

"రాహుకాలంల ఎల్లిన మందు ఎవరికి పని జేస్తది సార్? మల్ల రోజు పొద్దుగాల పంపుండ్రి, ఏం గాదు. గిరాకొచ్చింది, ఉంటా."

ఎవరికోసం వాదించానో ఆ మనిషే అవతలి పక్షాన నిలబడ్డాడు. ఫోను బల్ల మీద పెట్టి చుట్టూ చూశాను. అందరూ ఎవరి తెర ముందు వాళ్లున్నారు.

సరుకు చేరే వేళల పట్టికలో బుధ, గురువారాలకు "మర్నాడు ఉదయం" అని నేనే మార్చాను. పక్కన కారణం రాయాల్సిన గడి ఉంది. అందులో "రాహుకాలం" అని రాశాను. ఒక్కరైనా అభ్యంతరం చెబుతారని, తీసెయ్యమంటారని ఎదురుచూశాను. మేనేజరు నా వెనక నిలబడి కిందిదాకా చదివాడు.

"బావుందండీ," అని వెళ్లిపోయాడు.