జనుము మొక్కనీ నమ్మని మా సారు

మా సారు ఎవరినీ నమ్మరు. మనుషుల సంగతి అలా ఉంచండి, జనుము మొక్కలను కూడా నమ్మరు. జనుము మీద ముప్ఫై ఏళ్ళుగా పరిశోధన చేస్తున్న ఆయన, పొద్దున్నే పొలంలోకి దిగి, మిగతావాటికన్నా జానెడు ఎత్తు పెరిగిన మొక్కను నిలదీయడం నేను కళ్ళారా చూశాను.

"నువ్వొక్కదానివే ఎందుకింత పెరిగావ్? దొంగచాటుగా నీకెవరు ఎరువేశారు?"

మొక్క నోరు మెదపలేదు. దాంతో సారు అనుమానం ఇంకా బలపడింది.

టీ తెచ్చే ఆయన ఒకరోజు టీ కాస్త చిక్కగా పెట్టాడు. సారు కప్పు దించి, "ఏం కావాలయ్యా నీకు?" అన్నారు.

"ఏమీ వద్దు సార్."

"ఏమీ వద్దనేవాడు ఇన్ని పాలు పోయడే!"

మర్నాటి నుంచి పాపం ఆయన నీళ్ళలాంటి టీ ఇవ్వడం మొదలుపెట్టాడు. "ఇప్పుడేం దాస్తున్నాడో" అన్నారు సారు. సారు వాళ్ళావిడైతే, "నేను బాగానే ఉన్నానన్నా థర్మామీటర్ పెట్టి చూస్తారమ్మా" అని నా దగ్గర మొరపెట్టుకున్నారు.

నేను ఆయన ల్యాబులో సహాయకురాలిని. ఏడాదికోసారి రెన్యూవల్ అయితేనే నిలిచే ఉద్యోగం. కోసిన జనుమును కట్టలు కట్టి తొట్టిలో నానబెట్టి, నార వదులయ్యాక ఒలిచి, మిషన్ మీద దాని గట్టిదనం కొలవడం నా పని. ఎక్కువ రోజులు నానితే నార కుళ్ళిపోతుంది. అందుకే ప్రతి కట్టకూ ఒక తేదీ చీటీ. సారు ఆ కట్టలను రోజుకు మూడుసార్లు లెక్కపెట్టేవారు, మధ్యలో అవి పిల్లల్ని పెడతాయేమోనన్నట్టు.

అలాంటి చోట నేను రెండు చీటీలు తారుమారు చేశాను. ఎనిమిదేళ్ళు కష్టపడి సారు తయారుచేసిన కొత్త రకం వారం రోజులు ఎక్కువ నానింది. పట్టుకుంటే నార ముక్కలుముక్కలుగా చేతిలోకి ఊడొచ్చింది. సంగతి నాకు అర్థమయ్యేసరికి తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు గారు గుమ్మంలో ఉన్నారు.

"ఇంత బలహీనమైన రకమా? దీన్ని ఆపేయండి. లేదా తప్పెవరిదో చెప్పండి, వాళ్ళని పంపించేస్తాను" అన్నారాయన.

సారు లేచారు. "నాకు తొట్టి మీద అనుమానం" అన్నారు. ఆ తర్వాత నీళ్ళ మీద, మిషన్ మీద, గోడ గడియారం మీద, తొట్టిలో కాపురం పెట్టిన కప్పల మీద. "ఆ పెద్ద కప్ప చూపే బాగాలేదండీ." ఇలా గంటసేపు. చివరికి, "మీరు కళ్ళజోడు ఈమధ్యే మార్చారా?" అని అడిగేసరికి ఆఫీసరు గారు చెమట తుడుచుకుని, "మహాప్రభో, మళ్ళీ మొదటి నుంచి చేసుకోండి!" అని కాగితం మీద సంతకం గీకి కారెక్కేశారు.

అప్పుడు తట్టింది నాకు. కప్పలను కూడా వదలని మనిషి, చీటీలు కట్టిన నన్నొక్కదాన్నే ఎందుకు వదిలేశారు? ఈసారి ఆయన మీద నాకే అనుమానం వచ్చింది. ఉండబట్టలేక వెళ్ళి చెప్పేశాను.

"సార్, చీటీలు మార్చింది నేనే. మీకు నా మీద అనుమానం రాలేదా?"

"ఎందుకొస్తుందమ్మా?" సారు ఒక నారపోగును వెలుగుకు పట్టి చూస్తూ అన్నారు. "తెలియనివాటి మీద కదా అనుమానం. నువ్వేనని కట్టలు తీసినప్పుడే తెలుసు. వచ్చి చెప్తావనీ తెలుసు."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సారు నన్ను నమ్మారని వాళ్ళావిడకు ఫోన్ చేసి చెప్పాను.

ఆవిడ నమ్మలేదు.