చుట్టు మామ, బండ మీద పువ్వు

చుట్టు మామకి తిన్నగా నడవడం రాదు. కాళ్ళలో లోపమేమీ లేదు. ఎదురుగా తలుపు కనిపిస్తున్నా, దాని దగ్గరికి లోకమంతా తిరిగి వెళ్తేనే ఆయనకి వెళ్ళినట్టుంటుంది. ఏ ఉత్తరాలు పంచే మనిషికో ఈ జబ్బుంటే నవ్వుకుని ఊరుకోవచ్చు. మామది పెద్దాసుపత్రిలో శవాల బండి తోసే పని.

వార్డుల వెనక తలుపు దాటగానే ఎదురుగా మార్చురీ. మధ్యలో గచ్చులాంటి చదును బండ. కళ్ళున్నవాడెవడైనా ఆ బండ మీదుగా నాలుగంగల్లో పోతాడు. మామ మాత్రం బండిని ఎడమకి తిప్పి, వంటగది వెనకగా, దుప్పట్లు ఉతికే షెడ్డు పక్కగా, నీళ్ళ ట్యాంకు చుట్టూ లాక్కెళ్ళి, బండ చివరి మలుపు దాటించి అప్పుడు మార్చురీకి చేరుస్తాడు. వెనక ఏడుస్తూ వచ్చేవాళ్ళు సగం దారిలో ఏడుపు ఆపి, "ఇంకా ఎంత దూరమండీ?" అని అడుగుతారు. "వచ్చేశాం," అంటాడు మామ, ఇంకా ట్యాంకు చుట్టూ తిరుగుతూనే.

ఆ పేరుతో కూడా ఆయనకి సుఖం లేదు. కొత్తగా చేరిన డాక్టరొకాయన "చుట్ట మామ" అని విని, ఆసుపత్రిలో పొగ తాగితే ఉద్యోగం ఊడుతుందని పిలిచి మరీ చీవాట్లు పెట్టాడు. మామ జన్మలో పొగ ఎరగడు. ఇంకో ఆసామి, తన తండ్రిని జాగ్రత్తగా తీసుకెళ్ళాడన్న కృతజ్ఞతతో చుట్టల కట్ట తెచ్చి చేతిలో పెట్టాడు. ఒకావిడైతే "చుట్టం మామ" అనుకుని, ఎవరి తరఫు చుట్టమో చెప్పమని పట్టుకుంది.

"చుట్ట కాదు, చుట్టం కాదు. చుట్టు. చివర కొమ్ముంది," అనేవాడు మామ ఓపిగ్గా.

"కొమ్ములు పేరుకి కాదు, నీకున్నాయి," అనేది హెడ్ సిస్టరు.

హెడ్ సిస్టరు ముక్కుసూటి మనిషి. మాటా అంతే, నడకా అంతే. ఆమెది ఆడవాళ్ళ వార్డు. నయం కాని జబ్బులన్నీ అక్కడికే చేరేవి. ముందు తలుపులోంచి నడిచి ఇంటికెళ్ళేవాళ్ళకన్నా వెనక తలుపులోంచి మామతో వెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఆ బండి ఎడమకి తిరగడం చూసినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది.

"ఏముంది మామా ఆ బండ మీద?"

"పువ్వుందమ్మా."

"ఏదీ, నాకు కనబడదే?"

"ఇప్పుడు లేదు. నిద్రపోతోంది. వానలు పడితే లేస్తుంది."

"లేని పువ్వు కోసం ఉన్న శవాన్ని ఊరేగిస్తావా?"

"ఆవిడకి తొందరేముందమ్మా? తొందరపడాల్సిన పనులన్నీ అయిపోయాయి కదా."

పువ్వు సంగతి అబద్ధం కాదు. వానలు మొదలయ్యాక ఆ బండ మీది గుంటల్లో, చిటికెడు మట్టి ఉన్నచోటల్లా నీళ్ళు నిలిచి, పొట్టి పొట్టి మొక్కలు లేచేవి. వేలెడంత కూడా ఉండవు. చిటికెన వేలి గోరంత ఊదా పువ్వు, మధ్యలో పసుపు చుక్క. గుంటలో తడి ఉన్నన్నాళ్ళే దాని సంసారం. ఎండలు కాయగానే విత్తనాలు రాల్చేసి, గడ్డిపోచలా ఎండి పోయేది. మళ్ళీ వానలకి అదే గుంటలో దాని పిల్లలు. ఆ ఆవరణలో ఇంకెక్కడా అది మొలిచేది కాదు. దాని పేరేమిటో మామకీ తెలియదు.

ఒకసారి మామ రెండు మొక్కల్ని ఇంటికి తీసుకెళ్ళి, మంచి మట్టీ ఎరువూ వేసిన కుండీలో నాటి, పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాడు. తిండి ఎక్కువై రెండూ చచ్చాయి. మర్నాడు మామ పనిలోకి రాలేదు. ఎందుకు రాలేదని కబురు పంపితే, "ఇంట్లో చావు," అని జవాబు వచ్చింది. హెడ్ సిస్టరు పాపం అనుకుని, పరామర్శకని సగం దారి వెళ్ళి, చచ్చిందెవరో తెలిసి అక్కడే ఒక అరుగు మీద కూలబడింది.

దీనికి తోడు మామకి ఇంకో అలవాటుంది. బండ చివరి మలుపు దగ్గర పువ్వులు దారిలోకి కూడా పాకి ఉండేవి. అక్కడికి రాగానే బండి ఆపి, వెనక్కి తిరిగి, "కాలు చూసుకోండి," అని అందర్నీ కసిరేవాడు. మండుటెండల్లో, ఒక్క మొలక లేనప్పుడు కూడా.

"మా నాన్న పోయి మేమేడుస్తుంటే నీ పువ్వుల గోలేంటయ్యా?" అని ఒకతను కాలరు పట్టుకున్నంత పని చేశాడు.

"నాన్నగారికి నేనున్నాను బాబూ. మీరు ఎడమకాలు తీయండి," అన్నాడు మామ.

అతను వెళ్ళి సూపరింటెండెంటుకి ఫిర్యాదు చేశాడు. వానలు తగ్గి ఎండలు రాగానే బండ మీదుగా తిన్నగా సిమెంటు దారి వేయించేద్దామన్నాడు సూపరింటెండెంటు. హెడ్ సిస్టరుని అడిగితే, "ఎప్పుడో వేయాల్సింది సార్," అంది.

మామ ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "బండంతా సిమెంటు పోస్తే విత్తనాలు ఎక్కణ్ణుంచి లేస్తాయమ్మా? అది ఇంకోచోట బతకదు. ఇక్కడ పోతే పోయినట్టే."

"పోనీ మామా. ఇక్కడ రోజూ మనుషులే పోతున్నారు."

మామ వెనక్కి తిరిగాడు. ఖాళీ బండిని కూడా చుట్టూ తిప్పుకునే వెళ్ళాడు.

ఆ వానల్లోనే హెడ్ సిస్టరు అక్క అదే వార్డులో చనిపోయింది. తల్లి లేని ఇంట్లో ఈమెని చంకన వేసుకుని పెంచిన అక్క. ఈ జబ్బు తగ్గదని అందరికన్నా ముందు ఈమెకే తెలుసు. తెలిసి ఉండటం వల్ల ఒరిగిందేమీ లేదు. ఎంతోమంది కళ్ళు మూసిన చేతులతోనే అక్క కళ్ళూ మూసింది.

మామ బండి తెచ్చి, దుప్పటి అంచులు నెమ్మదిగా సర్దాడు.

"తిన్నగా పోనీ మామా. ఇవాళ నా వల్ల కాదు."

"చుట్టూ పోదాం తల్లీ."

కొట్లాడే ఓపిక లేక వెనకే నడిచింది. సన్నగా తుంపర పడుతోంది. మలుపు దగ్గర బండి ఆగింది.

"సిస్టరమ్మా, కాలు."

"ఏంటి?"

"కాలు చూసుకోండి. పువ్వు."

ఆమెకి ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. "మా అక్క పోయిందయ్యా. నువ్వసలు మనిషివేనా?"

"మనిషినే తల్లీ. కుడికాలు కొంచెం ఇటు."

తిడుతూనే కిందికి చూసింది. దారి నిండా ఊదా రంగు. ఒక్కో అడుగూ ఎక్కడ వేయాలో వెతుక్కుంటూ, వేసినప్పుడల్లా మామని ఓ మాట అంటూ నడిచింది. తలెత్తేసరికి మార్చురీ గుమ్మం వచ్చేసింది.

మళ్ళీ డ్యూటీలో చేరిన రోజున మార్చురీలో ఏదో పనిపడి, అలవాటుగా బండ మీదుగా తిన్నగా వెళ్ళింది. నడిమధ్యలో ఆగిపోయింది. ఎదురుగా పోస్టుమార్టం గది కిటికీ. దాని రెక్కలు ఊడిపోయి ఏళ్ళయింది. లోపల బల్ల, బల్ల మీద ఎవరో, పక్కన రంపం, నేల మీద గొట్టంతో కడుగుతున్న నీళ్ళు. లెక్కలేనన్నిసార్లు చూసిందే. ఇవాళ మొహం తిప్పేసుకుంది. అక్క వెనక నడుస్తూ ఇది చూసి ఉంటే, బతికినన్నాళ్ళూ అక్క పేరు చెప్పగానే ఈ బల్లే గుర్తొచ్చేది. చుట్టూ వెళ్తే వంటగదీ షెడ్డూ ట్యాంకూ ఈ కిటికీకి అడ్డం. ఆ తర్వాత అది కనబడేది మలుపు దగ్గర ఒక్కచోటే. అక్కడ అందరి కళ్ళూ కాళ్ళ మీదే ఉంటాయి.

వెళ్ళి మామని నిలదీసింది. "పువ్వు ఉత్త సాకు. నీ గొడవంతా ఆ కిటికీ గురించి."

మామకి కోపం వచ్చింది. "సాకేంటమ్మా? పువ్వు పువ్వే, కిటికీ కిటికీయే. రెక్కలు పెట్టించమని అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది. నాకు సాయం చేసింది ఆ పువ్వొక్కటే."

"అటు చూడకండని వాళ్ళకి చెప్పొచ్చుగా?"

"చూడొద్దంటే చూడకుండా ఉన్నవాళ్ళని నేనింతవరకు చూడలేదు."

"అందరూ నిన్ను తిట్టిపోస్తున్నారు మామా."

"తిట్టనీండి. తిట్టినంతసేపూ ఏడుపుండదు. మీరైతే గుమ్మందాకా ఆపలేదు," అన్నాడు మామ మెచ్చుకోలుగా.

హెడ్ సిస్టరుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ముక్కుసూటి మనిషి కదా, సూపరింటెండెంటు వెంటపడి కిటికీకి రెక్కలు పెట్టించేదాకా ఊరుకోలేదు. పెట్టించాక గాని తను చేసిన పని తెలిసిరాలేదు. కిటికీ మూతపడింది కాబట్టి ఇక చుట్టూ తిరగక్కర్లేదు. సిమెంటు దారికి అడ్డు చెప్పడానికి మిగిలింది పువ్వొక్కటే. ఎండలు ముదిరాక ఇంజనీరు సున్నం డబ్బా పట్టుకుని గీత గీయడానికి వచ్చాడు. హెడ్ సిస్టరు వెళ్ళి బండ మధ్యలో అడ్డంగా నిలబడింది.

"దారి ఇక్కడ వద్దండీ. ట్యాంకు పక్కగా వేయండి."

"ఎందుకండీ?"

"ఇక్కడ పువ్వుంది."

ఇంజనీరు బండంతా కలియజూశాడు. దుమ్ము, ఎండిన పోచలు, మాడిపోతున్న రాయి. "ఎక్కడండీ?"

"నిద్రపోతోంది."

ఇంజనీరు ఆమె మొహంలోకి జాలిగా చూశాడు. ఈ మధ్యే అక్క పోయిందని ఎవరో చెప్పి ఉంటారు. "అలాగే లెండి మేడమ్, ట్యాంకు పక్కనే వేద్దాం," అని పసిపిల్లకి చెప్పినట్టు మెల్లిగా చెప్పి, డబ్బా ఎత్తుకుని అటు నడిచాడు.

వెనక తలుపు దగ్గర మామ బండి పట్టుకుని నిలబడి ఉన్నాడు. హెడ్ సిస్టరు గర్వంగా అటు తిరిగింది. "విన్నావా మామా? గెలిచాం."

మామ మొహంలో సంతోషం ఎక్కడా లేదు. ఆయన కళ్ళు ఆమె చెప్పుల మీదున్నాయి.

"విన్నాను తల్లీ. ముందు ఆ గుంటలోంచి కాలు తీయండి. పిల్లలంతా అక్కడే పడుకున్నారు."