తనంతట తానే తిరిగిన కాక్‌పిట్

మా అత్తమ్మను అనుమానించడానికి నాకు పెద్ద కారణం అక్కర్లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అలవాటైన పని అది. కానీ ఈసారి ఊరికే అనుమానించలేదు, నా దగ్గర ఆధారం ఉంది.

మా అమ్మాయికి పైలట్ కావాలని పిచ్చి. ఆర్మూర్‌లో పసుపు పాలిష్ పట్టే వాళ్ల ఇంట్లో పుట్టిన పిల్లకు ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందో ఆ దేవుడికే తెలియాలి. కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్ పెట్టుకుంది, దాన్ని తిప్పే పిడి, జాయ్‌స్టిక్ కొనుక్కుంది, సాయంత్రం అయితే చాలు దాని ముందే. ఫ్లయింగ్ స్కూల్లో చేరాలంటే ముందు హైదరాబాద్‌లో మెడికల్ పరీక్ష గట్టెక్కాలి. దసరా దాటిన తర్వాతి వారమే ఆ పరీక్ష. అత్తమ్మకు ఈ సంగతే గిట్టదు. ఆడపిల్లను అంత మీదికి ఎవరైనా పంపుతారా అని, వాకిట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్లందరి ముందూ నన్ను దులిపేది.

బతుకమ్మకు వేల్పూర్‌లో మా అక్క ఇంటికి పోయిన అమ్మాయి, దసరా మర్నాడు ఇల్లు చేరింది. వచ్చీ రాగానే విమానం తీసింది. అప్పుడు మొదలైంది. విమానం తిన్నగానే పోతోంది, కాక్‌పిట్‌లో చూపు మాత్రం మెల్లగా ఎడమకు జరిగిపోతోంది. సరిచేస్తే మళ్లీ జరుగుతోంది. సరిగ్గా దిగే వేళకు రన్‌వే ఉండదు, తెర మీద రెక్క కనబడుతుంది.

పిల్ల చేయని పని లేదు. తల ఊగినట్టు చూపించే సెట్టింగ్ ఆపేసింది. మౌస్ పీకేసింది. మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించింది. మా ఆయన వచ్చి, కరెంటు ఎక్కువ తక్కువ అవుతోందన్నాడు. ఏ మిషన్ మొరాయించినా ఆయన చెప్పే కారణం అదొక్కటే.

రెండు మూడు రోజులు పోయాక అమ్మాయి నా పక్కన కూర్చుని, నుదురు పట్టుకుంది.

"అమ్మా, ఆ కాక్‌పిట్ తిరుగుత లేదేమో. నాకే కళ్లు తిరుగుతున్నయేమో. నేను మెడికల్‌కు పోను."

చెవిలో తేడా ఉంటే కళ్లు తిరుగుతాయని, అలాంటి వాళ్లను తీసుకోరని ఎక్కడో చదివిందట. నాకూ తిరుగుతున్నట్టే కనబడుతోందని చెప్తే నమ్మలేదు. తన మనసు నొచ్చుకోకుండా అబద్ధం ఆడుతున్నానంది. పిల్ల తనను తానే అనుమానించుకోవడం మొదలుపెట్టింది చూడండి, అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఈ పిల్ల ఆగిపోతే ఇంట్లో ఎవరికి సంబరం?

అక్కడి నుంచి అత్తమ్మను కనిపెట్టుకుని ఉన్నాను. విమానం పేరెత్తితే మూతి తిప్పే మనిషి, ఇప్పుడు రోజూ దాని క్షేమం అడుగుతోంది. మంచిగా నడుస్తోందా, ఏమీ కాలేదు కదా అని. ఎందుకమ్మా ఇంత ప్రేమ? ఒక మధ్యాహ్నం అమ్మాయి గదిలోంచి కొంగుకు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. వేళ్లు చూశాను. పచ్చగా ఉన్నాయి. కానీ ఈ ఊళ్లో ఎవరిని పట్టుకున్నా వేళ్లు పచ్చగానే ఉంటాయి, దాంతో ఏం తేలుతుంది?

ఇక లాభం లేదని అమ్మాయిని కూర్చోబెట్టి, కంప్యూటర్‌కు తగిలించినవన్నీ ఒక్కొక్కటే పీకమన్నాను. జాయ్‌స్టిక్ పీకగానే చూపు కదలకుండా నిలబడింది. మళ్లీ తగిలిస్తే మళ్లీ ఎడమకు. పిల్ల దాన్ని దీపం కింద పెట్టి చూసింది. బొటనవేలు ఆనే చోట చిన్న మీట ఉంటుంది, అది ఎటు వంచితే చూపు అటు తిరుగుతుంది. ఆ మీట కాస్త ఎడమకు ఒరిగి బిగుసుకుపోయింది. నా గాజుకున్న పిన్నీసు తీసిచ్చాను. చుట్టూ గీకితే పచ్చటి పెళ్లలు రాలాయి. వాసన చూశాను. మా చేను పసుపు నాకు తెలియదా!

దొరికింది కదా అని కొంగు బిగించి వాకిట్లోకి పోయాను. అరచేతిలో పెళ్లలు చూపించి ఇదేంటని అడిగాను. అత్తమ్మ తొణకలేదు. పసుపు అంది.

దసరా నాడు నేను వంటింట్లో మునిగి ఉంటే, తల్లీకొడుకులు ట్రాక్టర్‌కు, పాలిష్ డ్రమ్ముకు, మందు కొట్టే పంపుకు పసుపు కుంకుమ పెట్టారట. ఆ చేత్తోనే ఆమె పిల్ల జాయ్‌స్టిక్‌కూ పెట్టింది. వేరే ఇళ్లలో అయితే వేలి కొసతో అద్దుతారు. బస్తాలకు బస్తాలు పసుపు ఉండే ఇంట్లో చిటికెడు అనే లెక్క ఎవరికుంటుంది? నూనెలో కలిపి గుప్పెడు మెత్తింది. నల్లటి సామాను ఖరాబైందని పిల్ల గులుగుతుందని భయపడి, పైపైన తుడిచేసింది. ఆ మధ్యాహ్నం గదిలోకి పోయింది కూడా, ఇంకా ఎక్కడైనా మిగిలిందేమో తుడవడానికే. సందుల్లోకి పోయింది మాత్రం గట్టిపడింది.

అమ్మాయి గడపలో నిలబడి అంతా వింటోంది.

"నువ్వు వద్దంటివి గద, నాయనమ్మా?"

"అన్న. గిప్పుడు గూడ అంట. నేను వద్దంటె నువ్వు ఆగుతవా? పొయ్యేదాని బండికి బొట్టు పెట్టకుంట ఎట్ల పంపాలె?"

అమ్మాయి కింద కూలబడి ముసలామె మోకాళ్లు పట్టుకుని ఏడ్చింది. నా తల మంచిగనే ఉంది నాయనమ్మా అని అదే మాట చెప్పుకుంటూ ఏడ్చింది. ఎంత భయం దాచుకుందో నాకు అప్పుడు అర్థమైంది. అత్తమ్మ ఆ తల నిమురుతోంది. చేయి అత్తమ్మదేనని నేను సరిగ్గానే పట్టాను. పట్టుకున్నా పోట్లాడే వీలు లేకుండా పోయింది.

మెడికల్‌కు తోడు ఎవరు రావాలని ఆ రాత్రి మా ఆయన అడిగాడు. నేను అప్పటికే చీర తీసి పెట్టుకున్నాను. అమ్మాయి నా వైపైనా చూడకుండా, నాయనమ్మ రావాలంది.